ఎడమ మడత

"పిన్నీ, ఆ చూయింగ్ గమ్ ఫ్యాక్టరీలో నువ్వు ఎన్నేళ్ళు చేశావు?" అని అడిగాడు లెన్నీ, బెర్నడీన్ తెచ్చిన క్యాబేజీ నూడుల్స్ గిన్నె మూతయినా తీయకుండా.

"పదకొండేళ్ళు. ఎందుకు, పెన్షన్ ఇప్పిస్తావా?"

"ఇలా రా. ఒకటి చూపిస్తాను. దొంగపనే, కానీ ఎంత శుభ్రంగా చేశాడో చూడు."

నాంటికోక్ మెయిన్ స్ట్రీట్‌లో మూతపడ్డ చెప్పుల కొట్టుకీ మంగలి షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది లెన్నీ కొట్టు. పాత బేస్‌బాల్ కార్డులు, పాత నాణేలు, గాజు బీరువాల్లో ఆటగాళ్ళు సంతకాలు చేసిన బంతులు. వాటిల్లో దేనిమీదా బెర్నడీన్‌కి ఆసక్తి లేదు. అక్క పోయిన దగ్గర్నుంచి, అక్క కొడుకు సరిగ్గా తింటున్నాడో లేదోనని ప్రతి మంగళవారం మధ్యాహ్నం ఏదో ఒకటి వండి తెస్తుంది. వాడు తిన్నాక గిన్నె కడుక్కుని వెళ్ళిపోతుంది. ఆమెకి యాభై అయిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయేదాకా అమ్మని చూసుకుంది, తర్వాత ఆ ఇంట్లోనే ఒంటరిగా ఉండిపోయింది.

లెన్నీ బల్ల మీద నల్లగుడ్డ పరిచి, ఒక అట్టడబ్బాలోంచి మూడు ప్యాకెట్లు తీసి పెట్టాడు. మైనపు కాగితంలో చుట్టిన చిన్న చిన్న ప్యాకెట్లు. ముప్పై రెండేళ్ళ క్రితం, డెబ్భై రెండులో, పిల్లలు పది సెంట్లు ఇచ్చి కొనుక్కున్నవి. లోపల ఆటగాళ్ళ బొమ్మలున్న పది కార్డులు, నమలడానికి ఒక గమ్ పలక.

"ఇవి ఎవరూ విప్పనివి అని చెప్పి తెచ్చారు," అన్నాడు లెన్నీ. "విప్పకపోతేనే విలువ. లోపల ఏ గొప్ప ఆటగాడి కార్డు ఉందో తెలియదు గదా, ఆ తెలియనిదానికే జనం డబ్బు పెడతారు. దొంగలేం చేస్తారంటే, అతుకు కొద్దిగా వేడి చేసి విప్పి, మంచి కార్డు లాగేసి, పనికిరానిది పెట్టి మళ్ళీ అతికిస్తారు. ఇదిగో, వెనక్కి తిప్పి చూడు. మెషీన్ చుడితే కుడి మడత పైకి వస్తుంది. ఇక్కడ ఎడమ మడత పైనుంది. మెషీన్ అతుకును ఒక్కసారే కాలుస్తుంది, ఒక్క గీతే పడుతుంది. ఇక్కడ రెండు గీతలు. ఒకటి ఫ్యాక్టరీది, రెండోది దొంగది."

బెర్నడీన్ కళ్ళజోడు తీసి, స్వెట్టర్ అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. ప్యాకెట్‌ను అరచేతిలోకి తీసుకుంది. మైనం వాసన లేదు, ఎప్పుడో పోయింది. కానీ ఆమె ఎడమ బొటనవేలు ఎవరూ చెప్పకుండానే మడత కొసకు వెళ్ళి ఆగింది. అక్కడ కాగితం చిన్నగా నొక్కుకుపోయి ఉంది. సరిగ్గా వేలు పట్టేంత.

"ఎవరు తెచ్చారురా?"

"డెనీస్ అని, స్కూల్ బస్సు నడుపుతుంది. వాళ్ళ అమ్మ చిన్న ఇంటికి మారుతోందట, సామాను ఖాళీ చేస్తున్నారు. నాన్నవి ఇవి. ఆయన మొన్న ఏప్రిల్‌లో పోయాడు. క్లెమ్ వలూనస్. నీకు తెలుసేమో, ఆయనా అక్కడే చేశాడట."

ఏప్రిల్‌లో ఆ పేరు పేపర్లో చూసింది బెర్నడీన్. ఆ రోజు వంటగది నేల రెండుసార్లు తుడిచింది. చర్చిలో అంత్యక్రియల పూజకి వెళ్ళలేదు.

"తెలుసు," అంది.

లెన్నీ కొట్టు తలుపు అద్దానికి లోపలివైపు అంటించిన కాగితం కేసి చూపించాడు. పైన పెద్ద అక్షరాలతో 'వీరి సరుకు కొనవద్దు' అని ఉంది. కింద అయిదు పేర్లు. చివరిది ఎర్ర సిరాతో, కొత్తగా: క్లెమ్ వలూనస్, 24 ప్యాకెట్లు.

"పోయినవాడి పేరు అద్దం మీద పెట్టావా?"

"సరుకు పోలేదుగా పిన్నీ! ఇవాళే డబ్బా ఆ పిల్లకి తిరిగి పంపేస్తున్నాను, రేపు పక్క ఊరు విల్క్స్-బారీలో ఎవడికో అంటగడుతుంది. పోయినేడు ఆ న్యూజెర్సీవాడు నన్ను ముంచాడే, అప్పుడెవరైనా వాడి పేరు ఇలా రాసి పెట్టి ఉంటే నా కొట్టు సగం ఖాళీ అయ్యేదా?"

"ఇవి చేత్తో చుట్టినవి, లెన్నీ. డెబ్భై రెండులో ఆగ్నెస్ తుఫానుకి వరదొచ్చింది గదా. కింది అంతస్తులో మెషీన్లన్నీ బురదలో కూరుకుపోయాయి. మూడు వారాలు పైఅంతస్తులో బల్లలు వేసుకుని మేమే చుట్టాం."

"వరదలో చేత్తో చుట్టినవే అని ఆ పిల్ల కూడా అంది. దొంగలందరికీ ఆ వరద భలే కలిసొచ్చింది!" లెన్నీ నవ్వి, డబ్బా మొత్తం ఆమె ముందుకు జరిపాడు. "ఎంతమంది చుట్టారు మీరు?"

"పదకొండుమంది."

"పదకొండుమంది చుడితే పదకొండు రకాలుగా ఉండాలి. ఎడమ మడత ఒకటో రెండో అయితే నేనూ నమ్మేవాణ్ణి. ఇరవై నాలుగూ చూడు. అన్నీ ఎడమ మడతే. అన్నీ ఒకే చేతివి. ఒకే మనిషి కూర్చుని చేసినవి ఇవి, పిన్నీ."

బెర్నడీన్ ఒక్కొక్కటే తీసి తిప్పి చూసింది. లెన్నీ ఇంకా ఏదో చెబుతున్నాడు. ఇరవై నాలుగోది డబ్బాలో పెట్టి, మూత వేసేసింది.

"నూడుల్స్ చల్లారిపోతున్నాయి," అని, కోటు తగిలించుకుని బయటికి వచ్చేసింది. గిన్నె సంగతి ఇంటికి వెళ్ళాక గుర్తొచ్చింది.

*

మర్నాడు పొద్దున వంటగది బల్ల మీద మైనపు కాగితం చుట్ట, కత్తెర, పేకముక్కలు, ఒక బిస్కెట్ పెట్టుకుని కూర్చుంది బెర్నడీన్. పది ముక్కలు సరిచేసింది. అడుగున గమ్ పలకకు బదులు బిస్కెట్ పెట్టింది. కాగితం ఐమూలగా వేసింది. కింది కొస పైకి, కుడి పక్క లోపలికి, ఆ పైన ఎడమ పక్క. బొటనవేలితో ఒక్క నొక్కు.

మొదటిది వంకరగా వచ్చింది. మూడోది మొదలుపెట్టేసరికి కళ్ళు చూడకుండానే చేతులు కదలసాగాయి.

"ఎడమచేతి పిల్లా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు? కుడి మడత పైకి రావాలి!" అని అప్పట్లో వాళ్ళ పని చూసే ఫోర్‌లేడీ అరిచేది. బల్ల చివర వేడి పలక పట్టుకుని కూర్చున్న క్లెమ్ తలెత్తకుండానే అనేవాడు, "ఏ మడతైనా మూసుకుంటుంది గదమ్మా. పిల్లలు చించేది ఎలాగూ పళ్ళతోనే."

ప్యాకెట్లు అతికించడం అతని పని. అందరూ మడిచినవన్నీ అతని ముందుకే వెళ్ళేవి. ఒకసారి పలక ఆనించేవాడు. తర్వాత నమ్మకం లేనట్టు, వేలంత దూరంలో ఇంకోసారి, తేలిగ్గా. అందుకే రెండు గీతలు. "రెండోది దేనికి?" అని ఆమె ఒకసారి అడిగింది. "అలవాటు. ఇంటి తలుపు కూడా రెండుసార్లు లాగి చూస్తాను," అన్నాడు. కిటికీలోంచి వరద బురద వాసన వచ్చేది. వేడికి అందరి మొహాలూ మైనంలా మెరిసేవి.

మెషీన్లు మళ్ళీ తిరిగిన రోజున, మిగిలిపోయిన ప్యాకెట్లలోంచి మనిషికో డబ్బా తీసుకోమన్నారు. అందరూ చేతికందినవి డబ్బాల్లో కుమ్మరించుకున్నారు. క్లెమ్ మాత్రం నాలుగైదు ట్రేలు ముందేసుకుని ఒక్కొక్క ప్యాకెట్టూ తిప్పి చూసి పక్కన పెడుతున్నాడు.

"ఏం చేస్తున్నావు?"

"బాగా వచ్చినవి ఏరుకుంటున్నాను."

"అన్నీ ఒకటేగా."

"ఒకటి కావు," అన్నాడు క్లెమ్. తలెత్తి ఆమె వంక చూసి, మళ్ళీ ప్యాకెట్ల మీదికి వంగాడు.

ఆమె నవ్వి, తన డబ్బా తీసుకుని బస్సుకి పరుగెత్తింది. ఆ డబ్బాను వారం తిరక్కుండా వీధి పిల్లలకి పంచేసింది. ఆగస్టులో క్లెమ్ పెళ్ళి అయింది. శీతాకాలం రాకముందే అతను బెర్విక్‌లో ఇంకో ఉద్యోగంలో చేరాడు.

ఇన్నేళ్ళూ బెర్నడీన్ తనకు తాను చెప్పుకున్నది ఒకటే. అదంతా నీ మనసులోదే, అతనికేం తెలుసు అని. చెప్పుకోగా చెప్పుకోగా అది నిజమే అయిపోయింది. అన్నం తిన్నట్టు, మంచు ఎత్తిపోసినట్టు రోజూ ఆ మాటతోనే బతికింది. ఇప్పుడు వంటగది బల్ల మీద వరసగా ఆరు ప్యాకెట్లు, ఆరూ ఎడమ మడతలు. వాటిని చూస్తూ కూర్చుంది. స్టవ్ మీద కాఫీ మరిగి మరిగి అడుగంటింది.

లేచి లెన్నీకి ఫోన్ చేసింది.

"ఆ డెనీస్‌ని శుక్రవారం రమ్మను. డబ్బా తెచ్చుకోమను. నేనూ వస్తాను."

"నీకెందుకు పిన్నీ ఈ గొడవ?"

"రమ్మను," అంది.

*

డెనీస్ పసుపుపచ్చ బస్సును కొట్టు ఎదురుగానే ఆపి దిగింది. ముప్పై ఏళ్ళుంటాయి. తండ్రి పొడుగు, తండ్రి నుదురు. ఎడమ చేతిలో తాళాలు, కుడి చంకలో డబ్బా. లోపలికి వస్తూనే అద్దం మీది కాగితం ముందు ఆగి, చివరి పేరు చదివింది. బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆమె మెడ ఎర్రబడి ఉంది.

"మా నాన్న ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో మంటలార్పే ఫైర్ కంపెనీలో పైసా తీసుకోకుండా పనిచేశాడు, లెన్నీ. మీ అమ్మ ఇంట్లో పొగ వస్తే వచ్చిందెవరో తెలుసా? ఆయన పేరు దొంగల వరసలో పెట్టి వచ్చేపోయేవాళ్ళకి చూపిస్తున్నావా?"

"నేనేం సరదాకి పెట్టలేదు డెనీస్. సరుకే అలా ఉంది."

"ఈవిడెవరు?"

"మా పిన్ని. అదే ఫ్యాక్టరీలో చేసింది. నీ తరఫునే వచ్చిందట."

బెర్నడీన్ ఎక్కువ మాట్లాడలేదు. సంచీలోంచి మైనపు కాగితం ముక్కలు, పేకముక్కలు తీసి, వాళ్ళిద్దరి కళ్ళముందే ఒక ప్యాకెట్ మడిచింది. రెండోది మడిచింది. తర్వాత డబ్బాలోంచి ఒక పాత ప్యాకెట్ తీసి వాటి పక్కన బోర్లించింది. ఎడమ మడత, కొసన వేలి నొక్కు. మూడూ ఒక్కలాగే ఉన్నాయి.

"ఇవి నేను మడిచినవి," అంది. "మడిచింది నేను, అతికించింది వాళ్ళ నాన్న. ఆయన రెండుసార్లు కాల్చేవాడు. రెండు గీతలూ ఆయనవే."

లెన్నీ భూతద్దం పెట్టి చూశాడు. తల గోక్కున్నాడు. తర్వాత వాడి మొహంలోకి వ్యాపారి వచ్చేశాడు.

"పిన్నీ, ఇలా అన్నానని ఏమనుకోకు. దీంతో తేలింది ఒక్కటే, నీకు ఈ మడత చేతనవునని. రేపు కొనడానికి వచ్చినవాడు ఏమంటాడో తెలుసా? 'ఓహో, మీ పిన్నే మీ దొంగన్నమాట' అంటాడు."

"అయితే ఒకటి విప్పుదాం."

"విప్పితే అది పోయినట్టే. ఆమెది ఆ సరుకు."

ఇద్దరూ డెనీస్ వంక చూశారు. డెనీస్ తాళాల గుత్తిని బల్ల మీద పెట్టింది.

"విప్పండి," అంది. "మా నాన్న దొంగయితే అదీ నాకు తెలియాలి."

బెర్నడీన్ చేతులు తుడుచుకుంది. ప్యాకెట్‌ను గోటితో గీకలేదు, లాగలేదు. అతుకు మీద నోటితో వెచ్చగా రెండుసార్లు ఊది, బొటనవేలు మడత కిందికి పోనిచ్చింది. చిన్న చప్పుడుతో కాగితం వదిలింది. గమ్ పలక మూడు ముక్కలై పొడి రాలింది. గమ్‌ను ఆనుకుని ఉన్న కార్డు మీద దాని ఆకారమంతా గోధుమరంగు మరకై పోయింది. మిగిలిన తొమ్మిదీ ఒకదానికొకటి అంటుకుని, ఇటుకలా ఒక్క ముక్కగా వచ్చాయి.

"ఆఖరిది చూడు," అంది. "అతుకు ఆనేది దానికే. వేడికి కరిగిన మైనం దానిమీద దిగుతుంది. తర్వాత ఎవరైనా విప్పి మళ్ళీ మూస్తే, ఎంత జాగ్రత్తగా మూసినా గీత మీద గీత కూర్చోదు. జరుగుతుంది."

లెన్నీ ఆ కార్డును దీపం కింద పెట్టాడు. మైనం రెండు గీతలుగా దిగి ఉంది. రెండూ ఒకే పాత రంగు. కాగితాన్ని మళ్ళీ దానిమీద ఆనించి చూశాడు. గీతమీద గీత వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది. మూడుసార్లు ఆనించి చూశాడు.

"జరగలేదు," అన్నాడు నెమ్మదిగా. "ఇది ఎవరూ విప్పలేదు." అని ఆగి, "సరే, ఇదొకటి మంచిదే. కానీ నా చిక్కు అలాగే ఉంది పిన్నీ. పదకొండుమంది చుట్టినవి అన్నీ కలిసిపోయి ఉంటాయి గదా. ఒక్క డబ్బాలో ఇరవై నాలుగూ నీవే ఎలా వచ్చాయి? కొనేవాళ్ళు మొదట అడిగేది అదే. దానికి జవాబు లేకపోతే మిగతా ఇరవై మూడింటినీ ఎవరూ నమ్మరు. ఆ పేరు నేను తీసినా, ఇంకొకడు పెడతాడు."

బెర్నడీన్ గమ్ పొడిని వేలితో ఒకచోటికి చేర్చింది. ఆ జవాబు తన దగ్గర తప్ప ఈ భూమ్మీద ఇంకెవరి దగ్గరా లేదు. చెప్పకుండా వెళ్ళిపోవచ్చు. చెబితే అది ఇక తనది కాదు.

"ఏరుకున్నాడు," అంది. "అన్ని ట్రేలూ ముందేసుకుని, ఒక్కొక్కటే తిప్పి చూసి ఏరుకున్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను."

"ఎందుకు?" అన్నాడు లెన్నీ. అన్నాక వాడికే అర్థమై, భూతద్దం తుడవడం మొదలుపెట్టాడు.

డెనీస్ ఆమెనే చూస్తోంది.

"మా అమ్మా నాన్నల పెళ్ళి ఎప్పుడో తెలుసా మీకు?"

"ఆగస్టు పంతొమ్మిది. బల్ల దగ్గరి ఆడవాళ్ళమంతా కలిసి దుప్పటి కొనిచ్చాం. నీలం అంచుది."

"అది ఇంకా ఉంది," అంది డెనీస్. "మీ ఇద్దరికీ మధ్య..."

"ఏమీ లేదమ్మా. ఒక్క మాటయినా లేదు. ఉంటే నాకు ముందే తెలిసేది. మొన్న మంగళవారం వీడు ఇవన్నీ ఒకే చేతివి అని చెప్పేదాకా నాకూ తెలియదు."

బయట ఎవరో హారన్ కొట్టారు. బస్సు దారికి అడ్డంగా ఉంది. డెనీస్ కదల్లేదు.

"ప్రతి వసంతం ఆ డబ్బా కిందికి దించి అమ్మే దుమ్ము దులిపేది," అంది. "'ఈ చెత్త ఎప్పుడు పారేస్తావు క్లెమ్' అనేది. 'ఉండనీ' అనేవాడు. అంతే. ముప్పై ఏళ్ళు అమ్మ చేత దులిపించాడు."

డెనీస్ డబ్బా మూత పెట్టి, తాళాలు తీసుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయింది. బస్సు మలుపు తిరిగేదాకా లెన్నీ చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తలుపు దగ్గరికి వెళ్ళి, అద్దం మీది కాగితాన్ని నాలుగు మూలలా గోటితో ఊడదీశాడు. ఆ ఒక్క పేరు కొట్టేసి మళ్ళీ అంటించలేదు. మొత్తం నలిపి బుట్టలో పడేశాడు.

"గిన్నె కడిగి పెట్టాను పిన్నీ," అన్నాడు ఆమె వైపు చూడకుండా.

*

తర్వాతి గురువారం చర్చి నేలమాళిగలో కజ్జికాయల్లా మడిచే పిరోగీలు చేస్తున్నారు. శుక్రవారం అమ్మకానికి నూట ఇరవై డజన్లు కావాలి. పొడవాటి బల్లకి రెండువైపులా ఆడవాళ్ళు. పిండి ఒత్తేవాళ్ళు ఒకవైపు, బంగాళాదుంప ముద్ద పెట్టి అంచులు నొక్కేవాళ్ళు ఒకవైపు. బెర్నడీన్ చివరన, గోడవైపు కూర్చుంది.

డెనీస్ మెట్లు దిగి వస్తుంటే చూసి, చేతిలోది నొక్కడం పూర్తిచేసి ట్రేలో పెట్టింది.

"అమ్మేశాను," అంది డెనీస్, పలకరింపు లేకుండానే. "ఆ ప్యాకెట్లు ఎవరూ విప్పనివని లెన్నీ రాసిచ్చిన కాగితం మీద మీరు సంతకం పెట్టారట గదా. నిన్న ఫిలడెల్ఫియా నుంచి ఒకాయన వచ్చి అన్నీ పట్టుకెళ్ళాడు. వాటిని గాజులాంటి పెట్టెల్లో పెట్టి శాశ్వతంగా సీలు వేస్తాడట. ఇక ఎవరూ విప్పలేరట."

"మంచి పని చేశావు," అంది బెర్నడీన్.

అని, ఒక పిండి బిళ్ళ తీసుకుంది. దానిమీద ముద్ద పెట్టడం మర్చిపోయి అంచులు నొక్కింది. మళ్ళీ విప్పింది. ఇంకొక్కసారి, ఒక్కటంటే ఒక్కటి చేతిలోకి తీసుకుంటే బాగుండేది. అడిగి ఉంటే ఇచ్చేదేమో. అడగడానికి తనెవరు?

"ఇంట్లో ఉంచలేకపోయాను," అంది డెనీస్. "అమ్మకి ఏమీ చెప్పలేదు. చెప్పను. మీరూ ఎప్పుడూ చెప్పకండి."

"చెప్పను."

వచ్చిన పని అయిపోయింది. అయినా డెనీస్ వెళ్ళలేదు. బల్ల అవతల నిలబడి ఆడవాళ్ళ చేతుల్ని చూస్తోంది. కాసేపటికి కోటు విప్పి కుర్చీకి తగిలించి, పంపు దగ్గరికి వెళ్ళి మోచేతులదాకా చేతులు కడుక్కుని వచ్చి, బెర్నడీన్ పక్కన ఖాళీగా ఉన్న స్టూలు మీద కూర్చుంది.

"మీ మీద కోపం పోలేదు," అంది తగ్గుగొంతుతో. "అది వేరే. కానీ ఒకటి అడగాలి. మా నాన్న ఇంట్లో మాట్లాడేవాడు కాదు. పనికెళ్ళేవాడు, వచ్చేవాడు, తినేవాడు, సైరన్ మోగితే మంటలార్పడానికి పరుగెత్తేవాడు. మాట్లాడిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆయన తీరే అంతనుకున్నాను. మొన్న మీరు చెబుతుంటే..." ఆగింది. "అక్కడ మాట్లాడేవాడా?"

"మీ నాన్నా? నోరు మూసేవాడు కాదు! అతని వల్ల మా అందరికీ తిట్లు."

డెనీస్ చప్పున తలెత్తింది. నవ్వబోయింది. నవ్వు రాకముందే కళ్ళు నిండాయి. చేతులకి పిండి ఉందని భుజంతో తుడుచుకుంది.

"ఏం మాట్లాడేవాడు?"

మూడు వారాల మాటలు. ఇంతవరకు ఎవరూ అడగలేదు, తను ఎవరికీ చెప్పలేదు. తన చావుతో పోతాయనుకున్న మాటలు. ఇవి వినాలని ఇంకొక మనిషికి ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

"చాలా ఉందమ్మా. నీకు పని లేదూ?"

"రెండున్నరకి బస్సు తీయాలి. అందాకా చెప్పండి."

బెర్నడీన్ గోడ గడియారం చూసింది. పన్నెండు ముప్పావు. పిండి బిళ్ళల ట్రేని ఇద్దరికీ మధ్యగా జరిపింది.

"మొదటి రోజు మీ నాన్న ఆలస్యంగా వచ్చాడు," అని మొదలుపెట్టింది. "మోకాళ్ళదాకా బురద. చేతిలో ఎవరిదో కుక్క."